లేని రోగం

ముందు డప్పు వినిపించింది.

ఆటో ఇంకా నాచారం మలుపు తిరగలేదు. ఎదుటనున్న ఇటుకల లారీ దేన్నీ కనిపించనివ్వడం లేదు. అయినా డప్పు వినిపించింది. హిమజ ఆ దెబ్బను పోల్చుకోవడానికి చెవి ఒగ్గింది. బోనాల దెబ్బ కాదు. అందులో ఊపు ఉంటుంది. చావు దెబ్బ కాదు. అందులో ఆగి ఆగి నడిచే బరువు ఉంటుంది. ఇది ఊపూ లేని, బరువూ లేని దెబ్బ. కోపాన్ని విరామం లేకుండా కాచి పోస్తున్న దెబ్బ. ఆ దెబ్బ మీద తేలి మాటలు వచ్చాయి.

"లేని రోగానికి కోసిన డాక్టర్..."

"డౌన్ డౌన్!"

ముందుగా అరిచిన గొంతు ఆమెకు తెలుసు. ఆ గొంతు గల మనిషి భుజాల మీద కూర్చునే ఆమె చిన్నప్పుడు నుమాయిష్ ఎగ్జిబిషన్ చూసింది. చిన్నాయన నరేందర్ గొంతు అది.

"ఏం లొల్లి మేడమ్ ఇది?" ఆటో అతను మెడ చాచి చూశాడు. "దవాఖాన ముందట మళ్ళ ఎవల్నో సంపినట్టున్నరు."

"సంపలే. బతికిచ్చిన్రు."

"గదేంది? బతికిచ్చినందుకు ధర్నానా?"

జవాబు పొడవైనది, ఆటో మలుపు తిరిగేలోగా ముగిసేది కాదు. హిమజ మనసులో మాత్రం అది మరొకసారి మొదటినుంచి నడిచింది. హోలీ నాటికి తండ్రి చంద్రయ్యకు పెద్దపేగు చివర గడ్డ తేలింది. ఇంటివాళ్ళంతా ముందుగదిలో కూర్చుని, తలుపు వేసుకుని, ఆ గడ్డ పేరు ఆయన చెవిన పడకూడదని తీర్మానించారు. ఆనాటి నుంచి అది 'పుండు' అయింది. కిరణాల చికిత్స 'కరెంటు' అయింది. పొద్దునా మాపునా మింగిన ఘాటైన మాత్రలు 'పుండు గోలీలు' అయ్యాయి. ఆపైన కొన్ని వారాల విరామం, ఆపైన ఆపరేషన్, ఆపైన పొట్ట మీద పేగు మూతి, మలం అందులో పడేలా ఆ మూతికో సంచి. కోసి తీసిన పేగు ముక్కను పరీక్షించిన ఫలితం పోయినవారం వచ్చింది. ప్రాణమున్న చెడ్డ కణం ఒక్కటీ మిగల్లేదని అందులో ఉంది. తల్లి కౌసల్యమ్మ ఆ సంతోషం పట్టలేక, పిట్టగోడ మీదుగా పక్కింటావిడకు గట్టిగా చెప్పింది: "ముక్కల ఏం లేదట వదినా!"

స్నానాల గదిలో సంచి కడుక్కుంటున్న చంద్రయ్య విన్నాడు. ఏమీ లేదా? ఏమీ లేనిదానికా తనను కోసింది?

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. "ఆ దవాఖాన గడప ఇంక తొక్క" అన్నాడు. రోగం సంగతి తెలిసిన చిన్నాయనే ఆ మాట పట్టుకుని ధర్నా లేపాడు. దీపావళి దాటాక సంచి తీసి పేగు మూతిని మళ్ళీ లోపలికి పంపే ఆపరేషన్ ఉంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చేయించుకోవలసిన పరీక్షలున్నాయి. గడప తొక్కకపోతే అవేవీ లేవు. నిజం చెప్పకపోతే ఆయన గడప తొక్కడు. నిజం చెబుదామంటే, చెప్పనని తల్లి చేతిలో చెయ్యి వేసింది హిమజ. మంచి కబురు చెప్పాలంటే ముందు చెడ్డ కబురు చెప్పాలి. ఆ చెడ్డ కబురునే ఇల్లంతా కలిసి పాతిపెట్టింది.

ఆటో మలుపు తిరిగి ఆగింది. హిమజ దిగింది.

ఆసుపత్రి ముందు సగం రోడ్డును షామియానా మింగేసింది. చంద్రయ్య ముప్పై ఏళ్ళు పనిచేసిన, ఇనుము కరిగించి పోతలు పోసే కంపెనీ మనుషులు, గల్లీ పిల్లలు, పని మానుకుని వచ్చినవాళ్ళు, పనిలేక వచ్చినవాళ్ళు. అందరికంటే ముందు, సన్మానానికి కూర్చోబెట్టినట్టు, ప్లాస్టిక్ కుర్చీలో చంద్రయ్య. చొక్కా వదులుగా బయటికి వేసుకున్నాడు. కుడి అరచేతిని పొట్ట మీద అదిమి పెట్టుకున్నాడు. సంచి ఎప్పుడు చప్పుడు చేస్తుందో ఎవరికీ తెలియదు. ఆ భయంతో ఆయన చెయ్యి ఇప్పుడు అక్కడే నివసిస్తోంది.

యూట్యూబ్ చానెల్ కుర్రవాడొకడు ఆయన ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని ఫోను సరిచేసుకుంటున్నాడు.

"అంకుల్, జర అంగి పైకెత్తుండ్రి. బ్యాగు కనిపించాలె. అది కనిపిస్తెనే జనాలకు ఎక్కుతది."

చంద్రయ్య కదల్లేదు.

"ఎత్తన్నా," నరేందర్ మైకును పక్కకు తిప్పి అన్నాడు. "సిగ్గేంది? నీకు జేసిన అన్యాయం లోకం సూడాలె."

"నీ అంగి ఎత్తు ముందు."

ముందు వరసలో ఎవరో నవ్వారు. నరేందర్ కూడా నవ్వబోయి అన్న ముఖం చూసి ఆగిపోయాడు.

"నా పొట్ట ఏమన్న సర్కసారా?" చంద్రయ్య లేచాడు. "పొద్దటి సంది అందరు నా గురించే ఒర్లుతున్నరు. నా నోట్లకెళ్ళి ఒక్క మాటన్న వచ్చిందా? నేనే పోత లోపటికి. నేనే అడుగుత."

"వద్దన్నా! లోపటికి పోతె మాయమాటలు జెప్తరు. నువ్వు కూసో, నేను జూస్కుంట."

"ఇన్నొద్దులు నువ్వు సూస్కున్నది సాలు. జరుగు."

నరేందర్ జరిగాడు. జరుగుతున్నప్పుడు అతని కళ్ళలో మెరిసింది కోపం కాదని, బెదురని హిమజకు తోచింది. దేనికి బెదురు? ఆలోచించే వ్యవధి లేదు. తండ్రి అప్పటికే మెట్లెక్కుతున్నాడు. ఆడవాళ్ళ గుంపులోంచి కౌసల్యమ్మ కొంగు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చింది. గాజు తలుపు ముగ్గురినే లోపలికి తీసుకుని మూసుకుంది. డప్పు మాత్రం తలుపును లెక్కచేయలేదు.

డాక్టర్ హరిచందన నిలబడే ఉంది. ఆపరేషన్ చేసినది ఆమే. వయసులో హిమజకంటే మహా అయితే పదేళ్ళు పెద్ద.

"ఒక్క ముచ్చట అడుగుత డాక్టరమ్మ," చంద్రయ్య ఉపోద్ఘాతం లేకుండా మొదలుపెట్టాడు. "పుండు అన్నవ్. కరెంటు పెట్టియ్యాలన్నవ్, పెట్టిచ్చుకున్న. కూసుంటె మంట, లేస్తె మంట, అయినా నోరు మూస్కున్న. కోయాలన్నవ్, పండుకున్న. ఇప్పుడు ముక్కల ఏం లేదంటున్నరు. ఏం లేకపోతె ఏం కోసినవ్?"

హరిచందన నోరు తెరిచింది. అప్పుడే భర్త వీపు వెనుక నుంచి కౌసల్యమ్మ రెండు చేతులూ జోడించింది. చెప్పవద్దు తల్లీ అని ఆ చేతులు వేడుకున్నాయి.

"దించండమ్మా ఆ చేతులు."

డాక్టరు ఒక అడుగు ముందుకు వేసింది.

"ఆ దండమే నా కొంప ముంచింది. మొదటి రోజు మీరు దండం పెట్టారు, కరిగిపోయాను. ప్రతిసారీ పెట్టారు, ప్రతిసారీ కరిగాను. బయట నన్ను దొంగ అంటున్నారు. వింటున్నారుగా? ఆ అరుపులు వింటూ కూడా నేను మీ ఇంటి అబద్ధానికి కాపలా కాయాలా? నావల్ల కాదు."

చంద్రయ్య వెనక్కి తిరిగాడు. జోడించిన చేతులు విడిపోయే లోపలే చూశాడు.

"ఏం అబద్ధం?"



"చెబితే మీరు నమ్మరు," హరిచందన అంది. "రండి. చూపిస్తాను."

నడవా చివరి గదిలో తలనెరిసిన ఒకావిడ సూక్ష్మదర్శిని మీద వంగి ఉంది. డాక్టర్ శ్యామలాదేవి. శరీరాల్లోంచి తీసిన ముక్కలను పరీక్షించి వాటిలో ఏముందో తేల్చడం ఆవిడ పని. మనుషులు ఆవిడ గదిదాకా రారు. వాళ్ళ ముక్కలు మాత్రమే వస్తాయి. తల ఎత్తి, కళ్ళజోడు పైకి నెట్టి, ఆవిడ చంద్రయ్యను చాలాసేపు చూసింది.

"చంద్రయ్యగారంటే మీరేనా? మీ పేగు నాకు బాగా తెలుసు. మొహం చూడటం ఇదే."

ఎంత కోపంలో ఉన్నా చంద్రయ్య మీసం కొంచెం కదిలింది.

"కూర్చోండి. ఆ తెర మీద చూడండి. ఇది హోలీ రోజుల్లో మీలోంచి తీసిన చిన్న ముక్క. మందూ, కరెంటూ ఇంకా మొదలుపెట్టక ముందుది."

తెర మీద గులాబీ రంగు నేల పరుచుకుంది. ఆ నేల మీద ముదురు ఊదారంగు గుంపులు. ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, వంకరలు తిరిగి, గోడలు తెంచుకుని కిందికి దిగుతున్న గుంపులు. హిమజ చూపు తిప్పుకుంది. చంద్రయ్య తిప్పుకోలేదు.

"పేగులో చిన్నచిన్న గొట్టాల్లాంటివి ఉంటాయండీ. బుద్ధిగా వరసలో నిలబడాలి. ఇవి చూశారా, వరసా లేదు, వావీ లేదు. ఉన్న చోట ఉండకుండా లోతుకు తవ్వుకుంటూ పోతున్నాయి."

"ఇవి నాయేనా?"

"మీవే."

"పుండేనా ఇది?"

ఆవిడ గాజు పలక మార్చింది.

"ఇది ఆపరేషన్‌లో వచ్చిన పేగు. గడ్డ ఉన్న చోటునంతా, ఇంత కూడా వదలకుండా, పొరలు పొరలుగా కోసి చూశాను. ఒక్కటైనా బతికి దాక్కుందేమోనని వెతికాను."

గులాబీ నేల అలాగే ఉంది. గుంపులు లేవు. వాటి చోట పాలిపోయిన పీచు, గట్టిపడిన మచ్చ. అక్కడక్కడా నీటి మడుగుల వంటి ఖాళీలు. పోత అయ్యాక పగలగొట్టిన ఇసుక అచ్చులా ఉందనుకున్నాడు చంద్రయ్య. లోపలి లోహం వెళ్ళిపోయింది. అది కూర్చున్న ఆకారం మాత్రం మిగిలింది.

"ఈ మడుగుల్లోనే అవి ఈదుతుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. ఇదేమో పేగు పక్కనుండే లింఫు బిళ్ళ. దీన్లోనూ మచ్చ ఉంది, చూడండి. అంటే ఇక్కడిదాకా పాకి వచ్చి, ఇక్కడే చచ్చాయి. ముక్కలో ఏమీ లేదంటే అర్థం అదీ. మీకు రోగం లేదని నేను రాయలేదు. రోగం చచ్చిందని రాశాను. కోత మొదలుపెట్టే నాటికే మందూ కరెంటూ కలిసి దాన్ని చంపేశాయి."

చంద్రయ్య కుడి అరచెయ్యి పొట్ట మీద బిగుసుకుంది.

"కోయకముందే సచ్చిందా?" ఆయన హరిచందన వైపు తిరిగాడు. "సచ్చినదాన్ని ఎందుకు కోస్తివి మరి?"

"చచ్చిందని అప్పుడు ఎవరికీ తెలియదు. స్కాన్‌లో మచ్చ కనిపించింది. ఆ మచ్చలో ప్రాణం మిగిలిందో లేదో స్కాన్ చెప్పలేదు. తీసి, ఈ గదికి పంపితేనే తెలుస్తుంది."

"పోత లోపట గాలి బుగ్గ ఉన్నదో లేదో తెల్వాల్నంటె పోతను పగలగొట్టాలె. అట్లనేనా?"

"అలాగే."

"సరే. అది సమజైంది. వేరే తొవ్వ లేకుండెనా?"

డప్పు కిటికీని తట్టింది.

"ఉండింది," హరిచందన అంది. "కోయకుండా కనిపెట్టుకుని ఉండే దారి ఒకటుంది. మచ్చ తప్ప ఏమీ కనిపించనివాళ్ళలో కొందరిని అలా చూస్తాం. రెండు మూడు నెలలకోసారి పరీక్ష. మళ్ళీ మొలకెత్తితే అప్పుడు కోత. మొలకెత్తకపోతే కోతే లేదు. ప్రమాదం లేదని చెప్పను. కానీ ఆ దారిలో నడవాలంటే తన రోగమేమిటో రోగికి తెలియాలి. ఏం చూసుకోవాలో, ఎందుకు రావాలో, రాకపోతే ఏమవుతుందో తెలియాలి. ఆ మాట మీ ఇంట్లో వాళ్ళకు చెప్పాను. ఆయనకు చెప్పడం మాత్రం వద్దు, కోసెయ్యండి అన్నారు."

"నాకెందుకు జెప్పలే? పేగు నాది గద!"

"చెప్పవలసింది మీకే. ఇంటివాళ్ళు ఏమన్నా సరే, మీ ఎదుట కూర్చుని నేను చెప్పవలసింది. అది నా తప్పే. ఒప్పుకుంటున్నాను."

"ఇట్లంటె అయిపాయెనా మేడమ్?" హిమజ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పుండు ఆపరేషన్ అని సంతకం పెట్టిచ్చుకున్నరు మా బాపుతోని. ఇంకో తొవ్వ ఉందని నాకూ తెల్వదు. ఎవల్ని అడిగిన్రు మీరు? అమ్మా, ఎవరన్నరు కోసెయ్యమని?"

కిటికీ అవతలి నుంచి ఆ గొంతు మళ్ళీ లేచింది. లేని రోగానికి కోసిన డాక్టర్! కౌసల్యమ్మ చూపు అసంకల్పితంగా ఆ గొంతు వైపు వెళ్ళింది. వెళ్ళి, తిరిగొచ్చి, నేల మీద వాలింది. అంతే. ఆ చూపు నడిచిన దారిని చంద్రయ్య చూశాడు. హిమజ చూసింది. ఎండలో గొంతు చించుకుంటున్న చిన్నాయన కళ్ళలోని బెదురు ఆమెకు ఇప్పుడు అర్థమైంది. రోగమే లేకుండా ఉంటే తప్పంతా డాక్టరుది. రోగం ఉండి ఉంటే, అన్నను అడగకుండా అన్న పొట్ట మీద తీర్పు చెప్పిన పాపం తనది. అందుకే ఆ డప్పు. అందుకే అంత చప్పుడు.

"నీ మీద పగతోని కాదయ్యా," కౌసల్యమ్మ ఏడుపు దిగమింగుకుంటూ అంది. "దాని పేరు వింటెనే మనిషి సగం పోతడన్నడు. భయపడ్డడు. మేమందరం భయపడ్డం."

"పేరు, పేరు! ఏంది దాని పేరు?"

హిమజ నోరు తెరిచింది. తల్లి అరచెయ్యి గబుక్కున వచ్చి ఆ నోటిని మూసింది. చెమటతో తడిసిన అరచెయ్యి. నెలల తరబడి ఇంటి పెదవులన్నింటి మీదా ఉన్న అరచెయ్యి. హిమజ ఆ చేతిని పట్టుకుని, మెల్లగా, కానీ గట్టిగా, కిందికి దించింది. తండ్రి చెవి దగ్గరకు వంగింది. ఆమె పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే బయట డప్పు ఉధృతమై ఆ మాటను గదిలో మరెవరికీ అందనివ్వలేదు.

చంద్రయ్యకు అందింది.

ఆయన పడిపోలేదు. కుర్చీని పట్టుకోలేదు. తెర మీది పాలిపోయిన మచ్చను మరోసారి చూశాడు. తర్వాత భార్యను చూశాడు.

"విన్న. పోలే గద?"

కౌసల్యమ్మ భోరుమంది.

"మళ్ళొస్తదా?" ఆయన శ్యామలాదేవిని అడిగాడు.

"ఇంత పూర్తిగా చచ్చినప్పుడు తిరిగి రావడం తక్కువండీ. చాలా తక్కువ. రానే రాదని మాత్రం నేను మాటివ్వను. అందుకే కొన్నేళ్ళు కాపలా కాయాలి. ఈసారి కాపలా మీరు కాయాలి, మీ ఇంట్లో వాళ్ళు కాదు."

చంద్రయ్య తల ఊపాడు. ఊపుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ముఖంలోకి రక్తం పొంగింది.

"ఎంత పెద్దదాంతోని కొట్లాడితి! గెలిస్తి! గెలిచిన సంగతి ఇంట్ల అందరికి ఎర్కే, నాకు తప్ప. అది ఉన్నదన్న భయం నాది గావాలె. అది సచ్చిందన్న సంబురం నాది గావాలె. రెండూ మీరే పంచుకున్నరు. నాకు సంచి ఒక్కటి ఇడిసిపెట్టిన్రు."

ఆయన జవాబు కోసం ఆగలేదు. నడవా దాటాడు. గాజు తలుపు తోశాడు. మెట్లు దిగాడు. వెనుక హిమజ, ఆ వెనుక కౌసల్యమ్మ.

ఆయనను చూసి డప్పు ఒక్క క్షణం తడబడింది.

"ఏం జెప్పిన్రన్నా?" నరేందర్ ఎదురొచ్చాడు. "తప్పు ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు. వాళ్ళ వంతు వాళ్ళు ఒప్పుకున్నరు. మైకియ్యి."

"నువ్వెందుకన్నా, అలసిపోయినవ్..."

"ఇయ్యిరా."

చంద్రయ్య మైకు అందుకున్నాడు. రెండు చేతులతో అందుకున్నాడు. ఆపరేషన్ అయిన నాటి నుంచి కుడి అరచెయ్యి పొట్టను విడవడం హిమజ చూడటం అదే మొదలు. విడిచిన మరుక్షణమే, పగబట్టినట్టు, సంచి గురగురమంది. మైకు ఆ చప్పుడును నాచారం రోడ్డంతటికీ వినిపించింది. కుర్రవాళ్ళు కిసుక్కుమన్నారు. యూట్యూబ్ అబ్బాయి ఫోను పైకెత్తాడు.

"నవ్వుండ్రి," అన్నాడు చంద్రయ్య. "అది నా పేగు మాట్లాడుతున్నది. దాని ముచ్చట అయినంక నా ముచ్చట."

నవ్వులు ఆగాయి.

"లేని రోగం అని ఒర్లిన్రు. రోగం ఉండె. లోపట దాని పీనుగను ఇప్పుడే సూసొచ్చిన. దాన్ని సంపింది ఈ దవాఖాననే. ఈ డాక్టరమ్మను డౌన్ డౌన్ అన్నోళ్ళు ఇంక నోరు మూసుకోవాలె. ఆమె జేసిన తప్పు ఒకటున్నది, అది నేను ఆమెను అడిగిన, ఆమె ఒప్పుకున్నది. మళ్ళ ఇదే దవాఖానకొస్త. ఈ సంచి ఇదే చేతుల్తోని తీపిచ్చుకుంట."

ఆయన ఊపిరి తీసుకున్నాడు.

"నా దగ్గర రెండు పేర్లు దాచిపెట్టిన్రు. ఒకటి రోగం పేరు. రెండోది, నన్ను ఒక్క మాట అడగకుండ, నన్ను కోసెయ్యమని జెప్పినోని పేరు. రెండూ ఈ మైకులనే జెప్త."

నరేందర్ ముఖం పాలిపోయింది. అతని చెయ్యి పక్కనున్న సౌండు పెట్టె మీటను వెతుక్కుంటూ వెళ్ళింది. అక్కడ అప్పటికే మరొక చెయ్యి ఉంది.

"వద్దు చిన్నాయనా," అంది హిమజ. "ఇంక ఎవ్వరి నోరు ముయ్యొద్దు."

డప్పు ఆగిపోయింది. ఎవరూ ఆపమనలేదు, కర్ర పట్టిన చెయ్యే ఆగింది. రోడ్డు అవతల బస్సు కోసం నిలుచున్నవాళ్ళు ఇటు తిరిగారు. తమ్ముడి కళ్ళలోకి చూస్తూ చంద్రయ్య మైకును నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు.

"ముందుగాల రోగం పేరు," అన్నాడు. "క్యాన్సర్."